నిప్పులమీద కాల్చిన వంకాయ పచ్చడి



వంగతోట వేసిన రైతు ఇంట్లో కాయకు కరువుండదు. కూర తరచు పొయ్యిమీదికి వస్తుంది. దాని వెంటే నూనె గిన్నె కూడా వస్తుంది. వంకాయ కండ దూది వంటిది, లోపలంతా గాలి గదులు. మూకుట్లో పడీ పడగానే నూనె పీల్చుకొంటుంది. మూకుడు పొడిబారింది గదా అని ఇల్లాలు మరో గరిటె పోస్తుంది. అదీ ఏమైపోయిందో కనబడదు. తప్పు ఆమెది కాదు, కాయ గుణమే అంత.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, 2000 కేలరీల రోజువారీ ఆహారంలో కూరగాయలు 400 గ్రాములు, నూనెలు, కొవ్వులు 27 గ్రాములు ఉండాలన్నారు. 27 గ్రాములంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. గ్రాము నూనెకు 9 కేలరీలు. 100 గ్రాముల వంకాయ మొత్తానికీ సుమారు 25 మాత్రమే. మధుమేహం, రక్తపుపోటు పట్నవాసుల జబ్బులని ఇక అనుకోలేము. అలాగని వంకాయ మానవలసిన పని లేదు. వేపుడు తగ్గించి, మన పెద్దవాళ్లెరిగిన కాల్చిన పచ్చడి చేసుకోండి.

నలుగురికి అరకిలో పెద్ద కాయలు చాలును. తొడిమ పచ్చగా, తోలు నిగనిగలాడుతూ, చేతికి తేలికగా ఉన్నవి ఏరండి. ముదిరిన కాయలో గింజ గట్టిపడి చేదెక్కుతుంది. కాయ తొలుచు పురుగు సంగతి మీకు నేను చెప్పాలా! అయితే ఇంట్లో వాళ్లకు ఒక మాట చెప్పండి: పైకి కనబడే పెద్ద రంధ్రం పురుగు బయటికి పోయినది. లోపలికి పోయిన చోటు పూడిపోయి ఉంటుంది. అందుచేత తొడిమ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చి చూచిన తరువాతనే కాల్చవలెను. మందు కొట్టిన తోటలో, డబ్బామీద వ్రాసిన గడువు తీరకుండా ఇంటికైనా కాయ కోయకండి. కాల్చితే మందు పోతుందనుకోవడం పొరపాటు.

తోలుకు నాలుగు చుక్కల నూనె రాయండి. మంట తగ్గి నిప్పులు కణకణలాడేటప్పుడు పెట్టి, తిప్పుతూ ఉండండి. గ్యాసు పొయ్యి అయితే సన్నని సెగ. పావుగంట, ఇరవై నిమిషాలలో తోలు నల్లబడి, తొడిమ దగ్గర కూడా మెత్తబడుతుంది. అక్కడ గట్టిగా ఉంటే ఇంకా కాలలేదన్నమాట. రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు కూడా పక్కనే కాల్చండి. మిరపకాయకు గాటు పెట్టకపోతే పేలుతుంది సుమా. చల్లారాక చేయి తడి చేసుకొని తోలు ఒలవండి. నీళ్లలో మాత్రం ముంచకండి, కాల్చిన వాసనంతా నీటిపాలవుతుంది. మాడిన తోలు పారవేయండి.

చేత్తో మెదిపి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర కలపండి. ఉప్పు ముందు అర చెంచా వేసి రుచి చూడండి. టమాటా పులుపు వల్ల చాలామందికి అదే సరిపోతుంది. పోపుకు ఒక్క చిన్న చెంచా నూనె, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు. ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు అందులోనే వేగుతాయి, గరిటె చిన్నదైతే!

అన్నంలోకి, జొన్నరొట్టెలోకి కూడా బాగుంటుంది. ముద్దకు నెయ్యి కలుపుకొంటే మాత్రం మిగిల్చిన లెక్క తిరిగి వచ్చినట్టే.

గ్రామాలలో వంట చేసి చూపే కార్యకర్తలకు ఒక మనవి. నూనెను సీసాతో పోయకండి. చెంచాతో కొలిచి, అందరికీ కనబడేటట్లు పోయండి.