ఇంటి సర్వరు మొరాయిస్తే

నేను మాట్లాడుతున్నానంటే ఊరగాయల గురించో, వేసవిలో పిల్లల ఆరోగ్యం గురించో అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఇవాళ అవేవీ కావు. మా ఇంట్లో టీవీ బల్ల మీద తమలపాకుల పెట్టెంత కంప్యూటరు ఒకటి ఉంది. అది నన్ను నెల్లాళ్ళు ఏడిపించింది. ఆ సంగతి చెబుతాను. “పదో తరగతితో చదువు ఆపినదానివి, నీకెందుకే ఈ గోల?” అని మా వారే అన్నారు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

మా అమ్మది కైకలూరు దగ్గర పల్లె. గొబ్బి పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలు ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క తెలియదు. 1994 సంక్రాంతికి మా మేనమామ టేపురికార్డరు తెస్తే, మూడు క్యాసెట్ల నిండా పాడించి పెట్టుకున్నాం. మధ్య మధ్య కోడి కూస్తుంది, మా నాన్న దగ్గుతారు, “కాఫీ చల్లారిపోతోంది” అని ఎవరో అంటారు. అమ్మ 2009లో పోయింది. మా అబ్బాయి ఇంజనీరింగు చదివే రోజుల్లో ఆ పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఒక హార్డ్‌డిస్కులో పెట్టి, దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డుకి తగిలించాడు. ఇంగ్లండులో పిల్లలకి కంప్యూటరు నేర్పడం కోసం ఒక ధర్మసంస్థ తయారుచేయించిన బోర్డు అది. మొట్టమొదటిది 2012లో వచ్చింది, మా ఇంట్లోది నాలుగో రకం. అరచేతిలో పడుతుంది. సర్వరంటే వడ్డించేది అని మావాడి భాష్యం. ఇంట్లో ఎవరి ఫోనులో అడిగినా, అడిగిన పాట వడ్డిస్తుంది. వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాక, పొద్దున్నే పొయ్యి వెలిగించి అమ్మ పాట పెట్టుకోవడం నాకు అలవాటైంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల సంగతి బెజవాడ వాళ్ళకి నేను చెప్పనక్కర లేదు. గుమ్మంలోకి నీళ్ళు వస్తుంటే మా వారు ఆ పెట్టెనీ, డిస్కునీ పీకి అటక మీద పడేశారు. దాని అడాప్టరు మాత్రం నేలమీది ఎక్స్‌టెన్షన్ బోర్డుకే ఉండిపోయి బురదలో కలిసింది. చెక్క బీరువా అడుగు అరలో ఉన్న క్యాసెట్లు మూడూ మునిగాయి. అంటే, అమ్మ గొంతు ఇక ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదు.

నీళ్ళు తీశాక ఎలక్ట్రీషియన్ని పిలిచి వైరింగంతా చూపించే దాకా ఏ స్విచ్చీ వేయలేదు. ఇది మాత్రం మీరూ గుర్తుపెట్టుకోండి. తడిసిన వస్తువు పైకి ఆరినట్టు కనిపించినా లోపల బురద తేమ పట్టి ఉంటుంది, కరెంటు ఇస్తే అప్పుడు కాలిపోతుంది. బియ్యంలో పెడితే ఆరుతుందంటారు గానీ, దానికంటే మూత విప్పి ఫ్యాను కింద రోజుల తరబడి ఉంచడమే మేలు.

సరే, ఫోను ఛార్జరు పెట్టి పెట్టెకి కరెంటు ఇచ్చాను. దీపాలు వెలిగాయి. పాట లేదు. డిస్కులోంచి మాత్రం టిక్కు టిక్కుమని చప్పుడు, గోడ గడియారంలాగా. ఒక దుకాణానికి తీసుకెళితే అతను చెవి దగ్గర పెట్టుకుని విని, “డిస్కు పోయిందమ్మా. ఫార్మాట్ చేసిస్తాను, మళ్ళీ వాడుకోవచ్చు” అన్నాడు. ఫార్మాట్ అంటే పలక తుడిచేయడమని నాకు అప్పటికే తెలుసు. నా ప్రాణం గతుక్కుమంది. అతని చేతిలోంచి తీసుకుని ఆటో ఎక్కేశాను. పోయిందన్న వస్తువు మీద కొత్తగా ఏదీ రాయకుండా ఉంటే, వెతకడానికి ఇంకా దారి ఉంటుంది. రాశామా, ఆ దారీ మూసుకుపోతుంది.

మావాడికి ఫోను చేస్తే, “అమ్మా, నాకిప్పుడు సెలవు దొరకదు. మీటరు ఇంట్లోనే ఉందిగా, నువ్వే చూడు” అన్నాడు.

మొదట నేను చేసిన పొరపాటు చెప్పాలి. తొందరకొద్దీ ఛార్జరు, తీగ, సాకెట్టు మూడూ ఒకేసారి మార్చేశాను. పది నిమిషాలు పని చేసి మళ్ళీ ఆగింది. ఎందుకు పని చేసింది, ఎందుకు ఆగింది, ఏమీ తెలియలేదు. పులుసులో ఉప్పూ, చింతపండూ, కారమూ ఒక్కసారే కలిపేసి రుచి చూస్తే ఏది ఎక్కువైందో ఎలా తెలుస్తుంది? ఒకటి మార్చాలి, చూడాలి, కాగితం మీద రాసుకోవాలి, ఆ తరువాతే రెండోది. గ్యాసు పొయ్యి వెలగకపోతే మనం ఏం చేస్తాం? సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం, బర్నరు, ఆ వరసలోనే చూసుకుంటూ వస్తాం. ఇదీ అంతే. కరెంటు వచ్చే దిక్కు నుంచి మొదలుపెట్టాను.

మీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి కొలిచాను. బోర్డు అంచున రెండు వరసల సూదులుంటాయి. బయటి వరసలో రెండోది 5 వోల్టులది, మూడోది భూమి. చెయ్యి జారి పక్క సూదికి తగిలితే బోర్డు చచ్చిపోతుందని మావాడు వందసార్లు చెప్పాడు. గాజులు తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి కొలిచాను. డిస్కు తగిలించకుండా 5.08 వచ్చింది. బాగానే ఉందే అనుకున్నాను. డిస్కు తగిలించగానే అది తిరగబోయింది, ముల్లు 4.4కి పడిపోయింది. (ముల్లు అన్నాను గానీ ఇప్పటివన్నీ అంకెల మీటర్లే. నోటి అలవాటు.) 4.63 కంటే తగ్గితే ఆ బోర్డు మీది ఎర్ర దీపం ఆరిపోతుందట. నిజమే, ఆరుతూ వెలుగుతూ ఉంది. అన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉంది, నాకు దాని భాష తెలియలేదు.

మన డెల్టా వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమయ్యే విషయం. పైన తూము దగ్గర నీళ్ళు నిండుగానే ఉంటాయి. అందరూ ఒకేసారి తోడుకునే వేళకి శివారు చేనుకి తడి అందదు. సన్నటి తీగకి అర ఓము నిరోధం ఉన్నా చాలు, ఒక ఆంపియరు లాగినప్పుడు అర వోల్టు దారిలోనే ఇంకిపోతుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే ఎక్కువ లాగుతుంది. ఆ వేళకి బలం చాలక ఆగుతుంది, మళ్ళీ లేవబోతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ టిక్కు టిక్కు అదన్న మాట. డిస్కు పోలేదు, ఆకలితో ఉంది.

గవర్నరుపేట వెళ్ళి 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరు, లావుపాటి తీగతో వచ్చేది తెచ్చాను. టిక్కు టిక్కు ఆగింది. సంతోషపడేలోగా ఇంకో తిప్పలు. ఇప్పుడు పచ్చ దీపం నాలుగుసార్లు మిణుకుమని ఆగుతోంది. బోర్డు లేవడానికి కావలసిన ఫైలు దొరకడం లేదని దానర్థం. అది ఉండేది చిటికెన వేలి గోరంత కార్డులో. కరెంటు ఠపీమని పోయినప్పుడల్లా ఆ కార్డు దెబ్బ తింటుంది. ఇన్వర్టరు ఉందిగా అంటారేమో, అది అందుకునే లోపల కనురెప్పపాటు ఖాళీ ఉంటుంది. ఫ్యానుకి తెలియదు గానీ ఈ బోర్డుకి తెలుస్తుంది. కొత్త కార్డు కొని, మావాడు ఫోనులో చెబుతుంటే మా అమ్మాయి లాప్‌టాప్‌లో రాసిపెట్టింది. డిస్కుని చదవడానికి మాత్రమే, రాయడానికి వీల్లేకుండా తెరిచాం.

రాత్రి పదకొండున్నరకి కోడి కూసింది. ఆ వెనకే మా నాన్న దగ్గు. మా వారు పక్కగదిలోంచి లేచి వచ్చి, ఏమీ అనకుండా కూర్చున్నారు.

మర్నాడు చేసిన మొదటి పని నకళ్ళు తీయడం. ఒకటి హైదరాబాదు పంపాను, ఒకటి మచిలీపట్నంలో మా చెల్లెలి బీరువాలో ఉంది. ఒక ఊళ్ళో నీళ్ళొస్తే ఇంకో ఊళ్ళో ఉంటుందని.

అన్నీ దొరికాయని చెప్పను. అప్పగింతల పాట ఒకటి సగంలో తెగింది. ఆ పాట ఉన్న క్యాసెట్టు బురదలోంచి తీసినప్పుడు పారేయకపోవడం నా అదృష్టం. డిస్టిల్డ్ వాటరులో మెల్లగా కడిగి, ఎండలో పెట్టకుండా నీడన వారం ఆరబెట్టి, టేపుని స్క్రూలున్న వేరే క్యాసెట్టు డొప్పలోకి మార్చాను. ఇక వినిపించే యంత్రం కావాలి. మేనమామ టేపురికార్డరు వెతికి తెస్తే, మన ఉక్కకి లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులాగా చక్రాలకి అంటుకుపోయింది. స్పిరిట్టూ, పాత టూత్‌బ్రష్షూ పెట్టి గీకి తీశాను. దారం చుట్టి కొలత తీసుకున్నాను. అంత బెల్టు ఇంకా దొరకలేదు.

మీలో ఎవరి అటక మీదనైనా పాత టేపురికార్డరు ఉంటే, పాతసామాన్ల వాడికి వేసే ముందు ఆకాశవాణి విజయవాడ కేంద్రం చిరునామాకి నా పేరు మీద ఒక కార్డు ముక్క రాయండి.