ఒక గాలి - ఒక ధర్మము
(కోరుకొండ పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఫాల్గుణమాసమున లక్ష్మీనరసింహస్వామివారి తీర్థమునకు ఈ యూరికి వచ్చు జనసమూహమును మీరెల్లరు ఎరుగుదురు. పూర్వము ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చిన కుటుంబములవారే నేడు బస్సులమీదను, ఆటోలమీదను, మోటారు సైకిళ్లమీదను వచ్చుచున్నారు. మెట్లెక్కి కొండపైకి పోయినవారికి చల్లని గాలి. దిగివచ్చి రోడ్డుప్రక్క నిలుచున్నవారికి పొగ. కొండమీద ప్రాణాయామమునకై ముక్కు పట్టుకొనిన భక్తుడు, కొండ దిగువను పొగకు వెరచి మరల ముక్కు పట్టుకొనవలసి వచ్చుచున్నది. ఈ పొగను గురించియు, దానిని అదుపుచేయుటకు ఏర్పడిన శాసనములను గురించియు నాలుగు మాటలు విన్నవించుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

పొగను చూచినప్పుడు మనము బండిని నిందింతుము. నిందింపవలసినది బండినొక్కదానినే కాదు, దాని కడుపులో పోసిన పెట్రోలును గూడ. తిండి చెడినచో దేహము చెడదా? భూమినుండి తీసిన ముడిచమురులో గంధకము సహజముగా నుండును. శుద్ధి కర్మాగారమున దానిని తొలగింపకున్నచో, అది కాలి విషవాయువై వెలువడుటయే గాక, పొగను శుభ్రపరచుటకు బండిగొట్టములో నమర్చిన సాధనమును గూడ చెడగొట్టును. కావున మంచి బండిలో చెడ్డ పెట్రోలు పోసినచో మంచి బండియు చెడ్డబండియే యగును.

సీసము కథ ఇంతకన్న ఘోరము. పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపినచో యంత్రము కొట్టుకొనక సాఫీగా నడచునని 1921 లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ అను ఆయన కనుగొనెను. లాభము కంపెనీలది, నష్టము లోకముది. ఆ సీసము పొగతో వెలువడి, పసిబిడ్డల నెత్తురులో చేరి, వారి బుద్ధిబలమును హరించునని లోకము ఒప్పుకొని చర్య తీసికొనుటకు అర్ధశతాబ్దము పట్టెను. మోటారు బండ్లకు అట్టి పెట్రోలును అమ్మిన కడపటి దేశము అల్జీరియా. అచ్చట అది ఆగినది 2021 లో. ఒక్క పొరపాటును దిద్దుకొనుటకు మానవజాతికి నూరేండ్లు పట్టెనన్నమాట!

ఇట్టి విషయములను జనుల ఇష్టమునకు వదలరాదా, ప్రభుత్వ శాసనమేల యని కొందరందురు. ఒక్కడు తన బండికి శుద్ధమైన పెట్రోలు పోయించుకొని, పదిమంది మలినమైనది పోయించుకొనిరనుకొనుడు. ఆ ఒక్కని బిడ్డ పీల్చునది ఆ పదిమంది పొగయే కదా! నీటికి కాలువ గలదు, గట్టు గలదు, లాకు గలదు. గాలికి ఏ గట్టు గలదు? ఎవని వంతు వానికి పంచి ఇయ్యరాని సొత్తునకు ధర్మకర్త ప్రభుత్వమే కావలెను.

మన దేశమున ఈ ధర్మకర్తృత్వము ఎట్లు సాగెనో చూతము. 1995 ఏప్రిల్ 1 నుండి సీసము లేని పెట్రోలు నాలుగు మహానగరములలో దొరకసాగెను. దేశమంతటికి అది వచ్చినది 2000 ఫిబ్రవరి 1 న. న్యాయవాది ఎం. సి. మెహతా 1985 లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 1999 లో ఢిల్లీ ప్రాంతమున కొత్త కార్లకు కట్టుదిట్టములు విధించెను. పిదప మషేల్కరు సంఘము 2002 లో సమర్పించిన నివేదికను అనుసరించి దేశమునకు ఇంధన విధానము ఏర్పడెను. 2005 లో హైదరాబాదు మొదలగు 11 మహానగరములలో అమ్ము పెట్రోలున పదిలక్షల పాళ్లలో 150 పాళ్లకు మించి గంధకము ఉండరాదనిరి; తక్కిన దేశమునకు 500 పాళ్లవరకు ఉండవచ్చుననిరి. 2010 లో 13 నగరములకు 50 పాళ్లు, తక్కినవారికి 150 పాళ్లు. ఆ నగరముల జాబితా క్రమముగా పెరిగెను గాని, దేశమంతట 50 పాళ్ల నియమము అమలైనది 2017 ఏప్రిల్ 1 న మాత్రమే.

ఇందలి భావమును గ్రహించితిరా? హైదరాబాదు బాలుడు పీల్చు పొగకు ఒక కొలత, కోరుకొండ బాలుడు పీల్చు పొగకు మూడింతల కొలత! ఇది వర్తకుడు చేసిన మోసము కాదు. శాసనమే చేసిన విభజనము. విశాఖ శుద్ధి కర్మాగారమునుండి విజయవాడ మీదుగా సికిందరాబాదు చేరు పెట్రోలు గొట్టపుమార్గము ఈ గోదావరి సీమమీదుగానే పోవుచున్నది. గొట్టము మన నేలలోనిది. మంచి పెట్రోలు మాత్రము మనకు కడపట వచ్చినది.

మెట్టవాసులకు ఈ అనుభవము కొత్తది కాదు. 1852 లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా పచ్చబడెను. మెట్టరైతు మాత్రము తన యెదుటనే ప్రవహించు గోదావరిని చూచుచు, ఆకాశమువంక చేతులు జోడించి నిలిచెను. ఎత్తిపోతల పథకములు వచ్చువరకు అతడు కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. అయినను నీటికొక సమాధానము గలదు: నీరు పల్లమెరుగును, మెట్ట యెక్కదు. గాలికి ఆ సమాధానమును లేదే!

కర్మాగారములను ఒక్కమారుగా మార్చుటకు వేలకోట్ల రూపాయలు కావలెను గనుక క్రమక్రమముగా పోవలసివచ్చెనని ప్రభుత్వమువారు చెప్పిన మాటను మేము పూర్తిగా త్రోసివేయము. కాని ఊరును బట్టి చేసిన ఈ పంపకము నగరములనైనను కాపాడెనా? పల్లెప్రాంతమున కొనిన లారీ నగరములోనికి పోకుండునా? నగరమున కొనిన బండి పల్లెలో పెట్రోలు పోయించుకొనదా? గాలికి ఎల్లలు గీసినవారు, ఆ ఎల్లలను చక్రములు దాటునని మరచిరి.

ఈ పొరపాటును దిద్దుకొనుట 2016 జనవరిలో ఆరంభమైనది. నడుమనున్న ఐదవ మెట్టును విడిచి, ఒక్కసారిగా ఆరవ మెట్టుకు పోవలెనని కేంద్రప్రభుత్వము నిశ్చయించెను. గడువు దాటిన పిదప పాతరకపు కొత్తబండ్లను అమ్మరాదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటికి ఒకే నియమము: పదిలక్షల పాళ్లలో 10 పాళ్లు. ఆనాడు దేశము కరోనా భయమున తలుపులు మూసికొనియుండుటచేత ఈ మార్పును ఎవరును పండుగ చేసికొనలేదు. పండుగ చేసికొనదగిన దినమే యది. ఢిల్లీలోని మంత్రికిని, కోరుకొండలోని కూలికిని పెట్రోలు విషయమున ఒకే కొలత ఏర్పడిన దినమది.

అయితే శాసనము పుట్టుట వేరు, బ్రతుకుట వేరు. కిరోసిను కలిపినచో శుద్ధియైన పెట్రోలు మరల మలినమగును. కల్తీని శిక్షించుటకు నిత్యావసర వస్తువుల చట్టము క్రింద ఉత్తరువులు గలవు. బంకునకు పోయినవాడు వడపోత కాగితము అడుగవచ్చును. దానిపై వేసిన పెట్రోలు చుక్క ఆరిన పిదప మరక నిలిచినచో అనుమానింపవచ్చును. ఈ హక్కు గలదని మనలో ఎందరికి తెలియును? పొగ పరీక్ష సంగతియు అట్టిదే. మాలో ఒకరు బండిని పరీక్షకు తీసికొనిపోగా, గొట్టములో కొలకర్ర పెట్టకయే ధ్రువపత్రము చేతికిచ్చిరి. రూపాయలు పుచ్చుకొనిరి, పొగను మాత్రము పుచ్చుకొనలేదు! ఆ కాగితము ఊపిరితిత్తులను కాపాడునా?

ఇంక ఇథనాలు ప్రస్తావన. పెట్రోలులో సారాయము కలుపు యత్నము 2003 లో మన రాష్ట్రముతో చేరి తొమ్మిది రాష్ట్రములలో ఆరంభమైనది. 2022 లో 10 పాళ్లకును, 2025 లో నూటికి 20 పాళ్లకును చేరెను. విదేశపు చమురు తగ్గును, రైతు పంటకు గిరాకి పెరుగును, పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు తగ్గును. ఇవి మంచిమాటలే. కాని 2021 లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికయే, పాతరకపు కార్లకు ఇంధనపు ఫలము నూటికి 6, 7 పాళ్లవరకు తగ్గునని చెప్పినది. ఇరువది పాళ్లు కలిపితిమని, ఫలము ఇంత తగ్గునని, బంకువద్ద తెలుగు అక్షరములలో వ్రాసి చెప్పుట ధర్మము కాదా?

ఇందులో మరియొక జాగ్రత్త గలదు. అమెరికాలోని కాలిఫోర్నియా 1996 లో శుద్ధమైన పెట్రోలు నియమమును తెచ్చెను. దానికై కలిపిన ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యము భూమిలోని తొట్లనుండి కారి, నేలనీటిలో కలసి, శాంటా మోనికా పట్టణపు బావులను చెడగొట్టెను. 1999 లో ఆ ప్రభుత్వమే దానిని మానవలెనని ఆజ్ఞాపించెను. గాలిని కడుగబోయి నీటిని చెరచినట్లయ్యెను. మనకు పొరుగు మండలమగు గోకవరములోని గుమ్మళ్లదొడ్డివద్ద 2022 నవంబరు 4 న ఇథనాలు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. మేము ఎవరిమీదను నేరము మోపుటలేదు. ఇట్టి కర్మాగారము ఎచ్చట వెలసినను, అది తోడు నీరెంత, విడుచు మురికి ఎచ్చటికి పోవును, కాల్చునది నూకయా, నోటికందవలసిన బియ్యమా యని అడుగుట మన విధి. నగరమునకు గాలి శుభ్రపడి, పల్లెకు నీరు చెడినచో, అది పాత విభజనమే కొత్తవేషమున వచ్చుట.

శుద్ధమైన ఇంధనమునకు ఖర్చు హెచ్చు, పేదవాడు భరింపలేడని కొందరు పెదవి విరుతురు. రోడ్డుప్రక్క టీ కాచువాడెవడు? ఆటోలో పగలెల్ల కూర్చుండువాడెవడు? కూడలిలో ఎండకు నిలిచి బండ్లను ఆపు పోలీసు ఎవరి బిడ్డ? ధనికుడు అద్దములెత్తుకొని పోవుచున్నాడు. మలినమైన పెట్రోలు ధరను పేదవాడు ఎప్పుడో చెల్లించినాడు, ఊపిరితో చెల్లించినాడు.

మన రాజమహేంద్రవరము, గాలి ప్రమాణములు తప్పిన నగరముల జాబితాలో చేరి జాతీయ శుద్ధవాయు ప్రణాళిక క్రిందికి వచ్చినది. ఆ నగరము మనకు పది క్రోసుల లోపలిదే. దాని గాలి మన గాలియే.

సోదరులారా! ఈ పఠనమందిరములో పత్రికలు చదివి మడిచిపెట్టుటతో మన పని తీరదు. బంకులో వడపోత కాగితము అడుగుడు. పొగ పరీక్షకు పోయినప్పుడు కొలకర్ర పెట్టినగాని రూపాయి ఇయ్యకుడు. గ్రామసభలో నీటి లెక్కలు, మురుగు లెక్కలు చదివింపుడు. అడిగినవానిని వింతగా చూతురు; పదిమంది అడిగినచో వినుట నేర్తురు. కొండమీది స్వామి ఎక్కువ తక్కువలు లేక అందరికి ఇచ్చిన గాలిని, కొండ దిగువనున్న మనము హెచ్చుతగ్గులు చేసికొనరాదు. ఇదియే మా విన్నపము.