అక్షయపాత్రకును హద్దు కలదు

అరణ్యవాసమునకు వెడలిన ధర్మరాజు, తన వెంట వచ్చిన విప్రులకు అన్నము పెట్టు దారి కానక, సూర్యుని ఆరాధించి అక్షయపాత్రను బడసిన కథ మీరెరిగినదే. ఆ పాత్రకొక నియమము కలదు. నాడు ద్రౌపది భుజించువరకే అది యన్నము నిచ్చును. పిమ్మట మరునాటివరకు రిక్తమే. ముప్పదియేండ్లు ఈ కథను బాలురకు బోధించితిని గాని, ఆ నియమములోని భావము నాకు బోధపడినది ఉద్యోగవిరమణానంతరమే.

మా యూరికి రెండు కిలోమీటర్ల దూరమున మామిడితోటలో మేమొక చిన్న యిల్లు కట్టుకొంటిమి. అచ్చటికి కరెంటు తీగ లేదు. స్తంభములు పాతించుట కగు వ్యయము నా పింఛనుకు మించినది. కావున సోలారు పలకను కొంటిని. పలక యనుమాట బడిపంతులునకు క్రొత్తది కాదు గదా యని నా ధైర్యము! 100 వాట్ల పలక, చిన్న బ్యాటరీ, నాలుగు దీపములు, పాత పంకా ఒకటి. ఇవి చాలునా యని లెక్క వేయలేదు. అమ్మినవాడు చాలుననెను, నేను నమ్మితిని.

శ్రావణమాసమున ముసురు పట్టిన మూడవనాడు బంధువులు వచ్చిరి. పగలంతయు పంకా తిరిగెను. వారి ఫోనులన్నియు మా బ్యాటరీని త్రాగెను. సంధ్యవేళ వారు వెడలిపోయిరి. రాత్రి దీపము లొక్కసారిగా ఆరిపోయినవి. నా భార్యకు చూపు మందము. మంచినీళ్లకై లేచి, గడప తట్టుకొని పడి, మణికట్టు విరుగగొట్టుకొనెను. ఎవరినైన పిలుత మన్న నా ఫోను సైతము ప్రాణము లేక యుండెను. వానలో రెండు కిలోమీటర్లు నడచి ఆటోను తెచ్చితిని. దుర్వాసుడు వచ్చిననాడు ద్రౌపదిని కాచిన కృష్ణుడు మా తోటకు రాలేదు. తప్పు సూర్యునిది కాదు, లెక్క వేయని నాది.

సౌరవిద్యుత్తు మాయ కాదు. 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ వెలుగువలన విద్యుత్తు పుట్టుటను కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు సిలికానుతో పనికివచ్చు ఘటము సిద్ధమయ్యెను. పలక యిచ్చునది కొలతకు లొంగు వస్తువు. కావున మొదట కొనవలసినది పలక కాదు, ఒక తెల్లకాగితము.

అందు మా యింటి దినవ్యయము నిట్లు వ్రాసితిని. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు, 5 గంటలకు 180 వాటు-గంటలు. 28 వాట్ల బి.ఎల్.డి.సి. పంకా, 10 గంటలకు 280. ఫోనునకు, రేడియోకు 20. గడపయొద్ద రాత్రి 10 గంటలు వెలుగు 1 వాటు దీపమునకు 10. వెరసి 490. వెనుకటి 75 వాట్ల పంకాయే యున్నచో దాని కొక్కదానికే 750 కావలసివచ్చెడిది!

ఇక ఆదాయము. సూర్యుడు పగలంతయు కనబడినను, నిండుయెండతో సమానమైన కాలము 4 గంటలని యెంచుట క్షేమము. తీగలలోను, వేడివలనను, బ్యాటరీలోను నూటికి 30 వంతులు పోవునని తీసివేయవలెను. అనగా 490 దక్కవలెనన్న 700 పుట్టవలెను. దానిని నాలుగింట భాగింపగా 175. కావున 200 వాట్ల పలకను కొంటిని.

బ్యాటరీ 12 వోల్టులది, 150 ఆంపియరు-గంటలది. అందు పట్టునది 1800 వాటు-గంటలు. కాని సీసపు బ్యాటరీని మాటిమాటికి సగమునకు మించి ఖాళీ చేసినచో దాని ఆయువు తరుగును. మనము వాడుకొనదగినది 900 మాత్రమే. ఎండ లేకున్నను ఇంచుమించు రెండు దినములు గడచును.

పలకను దక్షిణముఖముగా, మా ప్రాంతపు అక్షాంశమును బట్టి 16 డిగ్రీల వాలున నిలిపితిని. పలకలోని ఘటములు దండలోని పూవులవలె వరుసగా కూర్చబడినవి. ఒకదానిపై కొమ్మనీడ పడినను తక్కినవానికి ఆటంకమే. అందుచే ఒక మామిడికొమ్మను నరికింపవలసివచ్చెను. వేడికి పలకశక్తి తగ్గును గనుక క్రింద గాలి యాడు సందు విడిచితిని. ధూళిని ప్రాతఃకాలమున చల్లగా నున్నపుడు తుడుతును. చార్జి కంట్రోలరునకు మొదట బ్యాటరీని, పిదప పలకను కలుపవలెను. విప్పునపుడు మొదట పలకనే. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. బ్యాటరీనుండి మండెడు వాయువు వెలువడును. గాలి వచ్చుచోట నుంచి, నిప్పును దరి చేరనీయరాదు. అందు పోయునది స్వేదనజలమే గాని బావినీరు కాదు.

ఇట్లు మూడు వర్షాకాలములు గడచినవి. బంధువులు నేటికిని వచ్చుచునే యున్నారు. పొద్దు గ్రుంకగానే నా భార్య, "ఏమండీ, ఈ పూట ఎంత మిగిలినది?" అని యడుగును. మబ్బుదినములలో పంకాను ఆపి విసనకఱ్ఱ నందుకొందుము. అందులకు మాకు చింత లేదు. కాని గడపయొద్ద దీపము మాత్రము ఏ రాత్రియు ఆరలేదు. లెక్కలో నేను చివర చదివిన ఆ పది వాటు-గంటలను కాగితముపై మొట్టమొదట వ్రాసితిని.