గాలికి ముందే మేడ ఎక్కి చూడండి



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిమీద ఒక తుపాను పోయాక కూడా చూడాలంటాను నేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా విశాఖపట్నాన్ని కుదిపేసినప్పుడు, మేడమీద మా రేకుల గది కప్పు లేచిపోయింది. ఆ గదిలో పడుకునే మా అత్తగారిని అంతకు పది నిమిషాల ముందే కిందికి తీసుకొచ్చాం. లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తప్పంతా గాలిది కాదండీ, నాది కూడా. రేకులు వేసేనాడు మేస్త్రీ, "అమ్మగారూ, అంచుల్లో బోల్టులు దగ్గర దగ్గరగా పడాలండీ" అన్నాడు. "ఎందుకు నాయనా అన్ని, సగం చాలు" అని ఖర్చు తగ్గించిన ఇల్లాలిని నేనే!

గాలి కప్పును తోసేస్తుందనుకుంటాం. నిజానికి కప్పుమీదుగా జోరుగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది. అప్పుడే ఎదురుగాలి వైపు కిటికీ పగిలిందా, లోపల చొరబడ్డ గాలి కిందినుంచి కూడా నెడుతుంది. పైన లాగుడు, కింద తోపుడు. మా ఇంట జరిగింది అదే. ముందు కిటికీ అద్దం పోయింది, వెనకే కప్పు పోయింది.

ఈ పాఠం ప్రాణాలిచ్చి నేర్చుకున్న ఊరొకటుంది. అది ఆస్ట్రేలియాలోని డార్విన్. 1974 క్రిస్మస్ తెల్లవారుజామున ట్రేసీ తుపాను వచ్చి 66 మందిని బలి తీసుకుంది. నూటికి డెబ్భై ఇళ్ళకు పైగా నాశనమయ్యాయి. ఇంజనీర్లు శిథిలాలు పరిశీలిస్తే, చాలా రేకులు స్క్రూల చుట్టూ చిట్లి ఊడిపోయినట్టు తేలింది. డబ్బా రేకును అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగుతుంది కదా! గాలి విసురు విసురుకీ లేచి పడి ఆ రేకులూ అలాగే తెగాయి.

1977లో టౌన్స్‌విల్ పట్టణంలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తుపాను పరీక్షా కేంద్రం పెట్టారు. మన దివిసీమను ఉప్పెన ముంచిందీ ఆ ఏడే, నవంబరు 19న. అక్కడ పండితులు, రేకుల కంపెనీలవారు, ప్రభుత్వం, బీమావారు చేయి కలిపారు. కంపెనీ తెచ్చిన రేకును వేలసార్లు లాగి వదిలి చూస్తారు. నిజమైన ఇళ్ళనే జాకీలతో లాగి పరీక్షించారు. తేలిన సంగతులు కట్టడాల నిబంధనలయ్యాయి. 2011లో యాసి తుపాను వచ్చినప్పుడు, ఆ నిబంధనల తర్వాత కట్టిన ఇళ్ళు పాతవాటికన్నా ఎంతో బాగా నిలిచాయి.

మనకూ చెన్నైలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రిసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ గాలి సొరంగంలో కట్టడాల నమూనాలు నిలిపి పరీక్షిస్తారు. చిన్న ఇళ్ళు తుపానుకు తట్టుకునే పద్ధతులను భారతీయ ప్రమాణాల సంస్థ 2004లోనే పుస్తకంగా ప్రకటించింది. అయితే పుస్తకం అలమరలో ఉంటే మన బోల్టు బిగుసుకోదు కదా! ఈ జట్టులో ఆఖరి మనిషి ఇల్లాలే.

కనుక తుపానుల రోజులు రాకముందే ఒకసారి మేడ ఎక్కండి. బోల్టులు తుప్పు పట్టాయేమో, వాషర్లు ఉన్నాయో లేదో చూడండి. గాలి ముందుగా పట్టుకునేది అంచుల్నీ మూలల్నీ. అక్కడ బోల్టులు ఎక్కువ ఉండాలి. ఒంటి కొక్కెం గాలికి తిరిగి ఊడవచ్చు, రెండు కాళ్ళూ బిగించే యు-బోల్టు నయం. రేకు దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి జడ అల్లినట్టు పట్టు ఉండాలి. ఒక్క పాయ వదులైతే జడంతా వదులే. కిటికీ గడియలు సరిచేయించండి. పూలకుండీలు, విడి రేకులు లోపల పెట్టండి. ఒక్కమాట మరవకండి. ఉప్పెన హెచ్చరిక వస్తే మాత్రం ఎంత గట్టి ఇల్లయినా వదిలి వెళ్ళాల్సిందే.

మా గదికి మళ్ళీ కప్పు వేయించాం. ఈసారి మేస్త్రీ చెప్పినన్ని బోల్టులూ వేయించాను. అదనంగా అయిన ఖర్చు ఒక పండగ చీర ఖరీదైనా లేదు. అత్తగారు మళ్ళీ ఆ గదిలోనే పడుకున్నారు, ఈసారి నాకూ నిద్ర పట్టింది.