దూరపు పరుగు: మితము, తోడు



పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మనలో నొక సామెత కలదు. ఈ సామెత పరుగును నిందించుట లేదు, ఆత్రమును నిందించుచున్నది. నేడు నేను మనవి చేయబోవునది ఒక్క పగటిలో సుమారు 90 కిలోమీటర్లు పరుగెత్తు జనులను గూర్చి. వారు పరుగెత్తుదురు గాని ఆత్రపడరు. ఆత్రపడినవాడు గమ్యము చేరుట అరుదు. ఈ యొక్క మాట గ్రహించినచో వారి సాధన యెట్టిదో, ఆహార మెట్టిదో, మనస్సు నెట్లు నిలుపుకొందురో సులభముగా బోధపడగలదు.

మారథాను అను పరుగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంతకు మించిన దూరము గలదానిని అల్ట్రామారథాను అందురు. అట్టివానిలో మిక్కిలి పాతదియు, ప్రసిద్ధమైనదియు దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్సు పందెము. డర్బను రేవుపట్టణమునకును, పీటర్‌మారిట్జ్‌బర్గు నగరమునకును నడుమ నిది జరుగును. ఆ సీమ మనకు పరాయిది కాదు. 1860వ సంవత్సరమున మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను నోడ మొదలుకొని, ఒప్పందపు కూలీలుగా అచ్చటి చెఱకుతోటలకు పోయినవారిలో తెలుగువారును ఉండిరి. వారి సంతతివారు నేటికిని ఆ ప్రాంతమున నివసించుచున్నారు. 1893లో గాంధీమహాత్ముని రైలుపెట్టెనుండి దింపివేసినది ఆ పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులోనే.

ఈ పందెమును నెలకొల్పినవాడు విక్ క్లాఫమ్ అను రైలింజను డ్రైవరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుడై, తూర్పు ఆఫ్రికాలో బహుదూరము కాలినడకను సాగినవాడు. యుద్ధములో మడిసిన తోడివారి జ్ఞాపకార్థము ఈ పరుగును తలపెట్టెను. కామ్రేడ్సు అనగా తోడివారనియే అర్థము. ఈ పేరును మనస్సున నుంచుకొనుడు. కడపట దీనితో పని గలదు. 1921 మే 24వ తేదీన మొదటి పందెము జరిగెను. 34 మంది బయలుదేరగా 16 మంది మాత్రమే చేరిరి. మొదటివాడైన బిల్ రోవనుకు 8 గంటల 59 నిమిషములు పట్టెను. సాధారణముగా ఒక యేడు సముద్రతీరమునుండి ఎగువకును, మరుసటి యేడు ఎగువనుండి తీరమునకును పరుగెత్తుదురు. దారిలో పేరుపడ్డ పెద్ద కొండలే అయిదు గలవు.

ఇక సాధనమాట. ఈ విద్యకు తొలి గురువులలో నొకడు ఆర్థర్ న్యూటన్. అతడు నాటాలు సీమలో సేద్యము చేయువాడు. తన భూమి విషయమై ప్రభుత్వముతో వివాదము కలిగెను. ఏదైన నొక ఘనకార్యము చేసి పేరు పొందినగాని తన మొర లోకులు వినరని తలచి, నలువది యేండ్లు సమీపించుచుండగా, 1922 జనవరిలో పరుగు మొదలుపెట్టెను. ఆ మే నెలలోనే కామ్రేడ్సు పందెమున గెలిచెను. పిమ్మట 1923, 1924, 1925, 1927 సంవత్సరములందును గెలిచెను. అతని పద్ధతిలో రహస్యమేమియు లేదు. కొద్దిదూరము వేగముగా పరుగెత్తుట మాని, ఎక్కువ దూరము నెమ్మదిగా, క్రమము తప్పక పరుగెత్తుట. అలసట తీరని యంతగా ఏనాడును పోకుండుట.

దీనికి కారణము దేహనిర్మాణమునందే కలదు. సాధన మొదలిడిన కొన్ని వారములకే గుండెయు, ఊపిరియు బలపడును. కాని ఎముకలకును, కండను ఎముకతో బంధించు స్నాయువులకును బలము చేకూరుటకు నెలలు పట్టును. ఆయాసము తగ్గినదని సంతసించి దూరము నొక్కసారిగా పెంచినవానికి ముంగాలి యెముక నొప్పిపెట్టును, ఒక్కొక్కప్పుడు బీటవారును. క్రొత్తగా కాడి మరగుచున్న కోడెను మొదటి వారముననే బరువుబండికి కట్టు రైతు మనలో లేడుగదా! కొండ దిగుట సులభమనుకొనుటయు పొరపాటే. దిగునప్పుడు తొడకండలు దేహభారమును అడ్డగించుచు సాగును. అందువలన ఎక్కుటకంటె దిగుటలోనే వానికి ఎక్కువ దెబ్బ తగులును. కావున ఎక్కుటతో పాటు దిగుటను కూడ అభ్యసింతురు. నిటారైన చోట నడుతురు. నడకను అవమానముగా నెంచరు. విశ్రాంతియు సాధనలో భాగమే. కండ అరుగునది పరుగులో, బలపడునది నిద్రలో.

ఆహారవిషయము మరింత ఆసక్తికరము. మనము తిను అన్నము, రొట్టె, దుంపలనుండి పుట్టిన చక్కెర, గ్లైకోజెను అను రూపమున కండలలోను కాలేయములోను నిలువయుండును. ఆ నిలువ సుమారు 400 నుండి 500 గ్రాములు. వేగముగా పరుగెత్తువానికి అది దాదాపు 30 కిలోమీటర్లకు సరిపోవును. కొవ్వు మాత్రము బక్కపలుచని వానియందును దినములకొలది చాలునంత కలదు. కాని అది మెల్లగా మండును. పొయ్యిలో చిదుగులును, మొద్దును ఎట్లో ఇవియు అట్లే. వేగము హెచ్చినకొలది చిదుగులు త్వరగా తరుగును; చిదుగులు లేనిచో మొద్దు మంట చాలదు. మొదటి గంటలో ఉత్సాహముతో పరుగెత్తినవాడు మధ్యాహ్నమునకు కూలబడుటకు ముఖ్యకారణ మిదియే. నెమ్మదిగా సాగువాడు మొద్దును ఎక్కువగా మండించుకొని, చిదుగులను పొదుపుచేసికొనును.

అయినను పొదుపు మాత్రమే చాలదు. గంటకు 30 నుండి 60 గ్రాముల వరకు చక్కెరయో పిండిపదార్థమో లోనికి పోవలెను. ఒక పెద్ద అరటిపండులో సుమారు 25 గ్రాము లుండును. కామ్రేడ్సు దారిప్రక్క బల్లలపై అరటిపండ్లు, నారింజలు, ఉడికించి ఉప్పు అద్దిన బంగాళాదుంపలు పెట్టియుంతురు. ఆకలి వేయువరకు ఆగరాదు. మొదటి గంటనుండియే కొంచెము కొంచెముగా తినవలెను. పరుగు సాగినకొలది నెత్తురు కాళ్లకు మరలి, కడుపునకు జీర్ణశక్తి తగ్గును. అప్పుడు ఒక్కసారిగా తినినది వెలికి వచ్చును. పందెమునాడు తినదలచినదానిని ముందే సాధనకాలమున తిని కడుపునకు అలవాటు చేయుటయు అవసరము.

నీటి విషయమున ప్రాణాపాయము గలదు గనుక పెద్దలు శ్రద్ధతో వినవలెను. పరుగువారు నీరు త్రాగరాదని ఒకప్పుడు పలువురు నమ్మిరి. తరువాత, వీలైనంత త్రాగుమని బోధించిరి. రెండును హానికరములే. దీర్ఘపరుగులలో అతిగా నీరు త్రాగుటవలన రక్తములోని ఉప్పు పలుచబడి, మెదడు ఉబ్బి, ప్రమాదము కలుగునని దక్షిణాఫ్రికా వైద్యుడు టిమోతీ నోక్సు తన సహచరులతో గూడి 1985లో ప్రకటించెను. తలనొప్పి, వాంతి, మతి తప్పుట దీని లక్షణములు. చూచువారు వడదెబ్బ యనుకొని మరింత నీరు పోయుదురు. అది విషముతో సమానము. మతి తప్పినవానికి నీరు త్రాపింపక వెంటనే వైద్యుని చెంతకు చేర్చవలెను. ఒడలు కాలిపోవుచున్నచో నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి చల్లార్చుచునే వైద్యునికి కబురంపవలెను. దాహమైనప్పుడు త్రాగుట, దాహము తీరగానే ఆపుట, ఇదియే సూత్రము. పరుగునడుమ నొప్పి తెలియకుండ మాత్రలు మ్రింగుటయు తగదు. అవి మూత్రపిండములకు చేటు.

కడపటిది మనస్సు. నేడు ఈ పందెమునకు 12 గంటల గడువు. గడువు ముగియుచుండగా ఒక అధికారి వచ్చువారికి వీపు త్రిప్పి నిలుచుండి తుపాకి ప్రేల్చును. గీతకు ఒక్క అడుగు వెనుకనున్నవానికిని పతకము లేదు. ఆ గీతవరకు మనస్సును లాగుకొనివచ్చునది ఏది? 90 కిలోమీటర్లను ఒక్కసారి తలచినవాడు భయపడును. అందువలన వారు ముందున్న మలుపును, దాని పిమ్మట వచ్చు నీళ్లబల్లను మాత్రమే తలతురు. కోరికయందును మితమన్నమాట. ఇంకొక ఉపాయము తోడు. అనుభవజ్ఞు డొకడు జెండా పట్టుకొని, ఇన్ని గంటలకు చేర్చెదనని ముందే చెప్పి, కొంతసేపు పరుగు, కొంతసేపు నడకగా ఒక గుంపును నడిపించును. దానిని వారు బస్సు అందురు. పాటలు పాడుకొనుచు ఆ గుంపు సాగును. ఒంటరివాని సంకల్పము సడలినచోట గుంపు వానిని మోయును.

వాలీ హేవార్డ్ అనునాతడు 1930లో 21 యేండ్లకే ఈ పందెమున గెలిచెను. 1950 మొదలు 1954 వరకు మరి నాలుగుమార్లు గెలిచెను. 1988లో 79 యేండ్ల వయస్సున 9 గంటల 44 నిమిషములలో పూర్తిచేసి, తనకంటె చిన్నవారిని వేలమందిని దాటెను. 1989లో 80 యేండ్లు నిండినవాడై, 11 గంటల గడువునకు రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండగా గీత దాటెను. ఇది వృద్ధులెల్లరు పరుగెత్తవలెనని చెప్పుట కాదు. మనకు వైద్యుడు సమ్మతించిన నడకయే చాలు. గెలిచిన యౌవనమును తలచుకొని సిగ్గుపడక, ఎనుబదవ యేట అందరికంటె వెనుక రాగలుగుట గెలుపుకంటె కష్టమని నా భావము.

తోడివారను పేరును జ్ఞాపకముంచుకొనుడని కోరితిని. ఆ పేరు పెట్టుకొన్న పందెము 54 యేండ్లు నల్లవారిని, మన భారతీయులను, స్త్రీలను తోడివారుగా లెక్కింపలేదు. 1935లో రాబర్ట్ మ్షాలీ అను నల్లజాతివాడు అదే దారిని, అవే కొండలను 9 గంటల 30 నిమిషములలో దాటెను. అతని పేరు ఫలితములలో చేర్చబడలేదు. 1975లో గాని తలుపులు అందరికిని తెరువబడలేదు. 2019 మొదలు, 9 గంటలు దాటి 10 గంటల లోపల చేరువారి కిచ్చు పతకమునకు రాబర్ట్ మ్షాలీ పేరు పెట్టిరి. కడపటి గంటలో చేరువారి పతకమునకు విక్ క్లాఫమ్ పేరే కలదు. పందెమును స్థాపించినవాని పేరు మొదటివానికి గాక చివరివారికి దక్కుట నాకెంతయు నచ్చినది.

మన పల్లెలలో కొలువులకో, పందెములకో తెల్లవారుజామున రోడ్డువెంట పరుగెత్తు బాలబాలికలు నేడు పెక్కురు కలరు. ఎన్నవవాడుగా వచ్చితివని వారి నడుగుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడని ప్రార్థన. పోయిన వారముకంటె దూరము నెంత పెంచితివి? ఏమి తింటివి? రాత్రి చాలినంత నిద్రించితివా? నీతో తోడెవరు? ఈ నాలుగింటికి సరియైన సమాధానము లున్నచో, గీత దానంతట అదియే దగ్గరకు వచ్చును.

సెలవు.