పనివాని మనసు
(పఠనమందిరమున మేము గావించిన ప్రసంగ పాఠము)



దుకాణములందును, కార్యాలయములందును, కర్మాగారములందును యజమానుల నోట మనము తఱచుగా వినుమాట యొకటి గలదు: "పనివారికి శ్రద్ధ లేదు." దీనికి జరిమానాలును గద్దింపులును మందని తలంచువారు నేటికిని గలరు. ఆ మందుతో రోగమెచ్చట కుదిరినదో చూపుడని మేమడుగుచున్నాము.

1877లో జమ్‌షెడ్జీ టాటాగారు నాగపురమున ఎంప్రెస్ మిల్లును తెరచిరి. అచ్చట పనివారు నిలకడగా వచ్చెడివారు కారు. ఆయన దండనను నమ్ముకొనక వేఱొక త్రోవ త్రొక్కిరి. 1886లో పింఛను నిధి యేర్పడెను. 1895లో పనిలో గాయపడినవారికి పరిహారమిచ్చు పద్ధతి వచ్చెను. అట్టి పరిహారమును చట్టము విధించుటకు 1923 వఱకు పట్టినది. ఆయన గతించిన పిదప జమ్‌షెడ్‌పురపు ఉక్కు కర్మాగారమున 1912లో ఎనిమిది గంటల పనిదినమును, 1920లో జీతముతోడి సెలవును, 1934లో లాభములలో వంతును అమలులోనికి వచ్చినవి. రేపటి కూటికై బెంగగొన్నవాని చేయి యంత్రముపై నుండవచ్చును గాని మనసుండదు. ఈ మర్మమును ఆయన గ్రహించిరి.

అయితే ఇంతటితో నిలుపుట సత్యమునకు ద్రోహము. అదే జమ్‌షెడ్‌పురమున 1920, 1922, 1928 సంవత్సరములలో సమ్మెలు జరిగినవి. 1928 నాటి సమ్మె, పనివారిని తగ్గించు విషయమై పుట్టి, నెలల తరబడి సాగెను. రాజీ కుదుర్చుటకు సుభాష్ చంద్రబోసుగారు పూనుకొనవలసి వచ్చెను. ఇన్ని సదుపాయములుండగా సమ్మె యేల? దయ వేఱు, న్యాయము వేఱు గనుక. తన బ్రతుకును గూర్చిన నిర్ణయమున తన మాటకు చోటు లేనప్పుడు, పైనుండి వచ్చిన వరమును పనివాడు భిక్షముగానే యెంచును.

కావున పండుగనాటి మిఠాయి పొట్లముతోను, గోడపై వ్రేలాడు "ఉత్తమ ఉద్యోగి" పటముతోను ఋణము తీరినదనుకొనరాదు. చెప్పిన దినమున జీతమిండు. తప్పును నలుగురిలో గాక చాటున చెప్పుడు. పనిని మార్చదలచినచో, ముందుగా ఆ పని చేయువాని నడుగుడు. ఇందు మొదటిదానికి మాత్రమే ధనము కావలెను. అదియు మీరు బాకీపడిన ధనమే.

పరపాలకుల యెదుట మనమేమి కోరితిమి? వారి దయను కాదు. మన మాటకు విలువను. ఆ కోర్కె 1947లో నెరవేఱినది. నాడు మనము కోరిన దానినే నేడు మన కొలువున నున్నవాడు కోరినచో, కాదనుటకు మనకేమి యధికారము గలదు?