పేరు గంగది, నీళ్లు ఉపనదులవి

మ్యాపులో గంగ ఒక్క నీలి గీత. ఆ గీతలోకి వచ్చే నీళ్లు ఎవరివో లెక్క తేల్చడం ఈ రోజు పట్టాలు అందుకుంటున్న భూగోళశాస్త్ర విద్యార్థుల పని.

గంగ ఎక్కడ పుట్టిందంటే చిన్నపిల్లలు కూడా గంగోత్రి అంటారు. నిజానికి గంగ తొలి పాయ అయిన భాగీరథి బయటపడేది గంగోత్రి గుడికి దాదాపు 18 కి.మీ. ఎగువన, గోముఖ్ దగ్గర. అక్కడ సుమారు 30 కి.మీ. పొడవైన గంగోత్రి హిమానీనదం ముగుస్తుంది. మంచు గోడ కింద నుంచి ఉరికే ఆ నీరు తేటగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. హిమానీనదం కదులుతూ కింది రాతిని పిండిలా నూరేస్తుంది. ఆ రంగు దానిదే.

దేవప్రయాగలో అలకనంద వచ్చి కలిశాకే ఆ నదికి గంగ అన్న పేరు. అలకనంద ఒంటరిగా రాదు. విష్ణుప్రయాగలో ధౌలీగంగను, నందప్రయాగలో నందాకినిని, కర్ణప్రయాగలో పిండార్‌ను, రుద్రప్రయాగలో మందాకినిని కలుపుకొని మరీ వస్తుంది. నీటి లెక్కలో భాగీరథి కంటే అలకనందే పెద్దది. యమున సంగతీ అంతే. డెహ్రాడూన్ జిల్లాలో వచ్చి కలిసే టోన్స్ నది యమున కంటే ఎక్కువ నీరు మోసుకొస్తుంది. యాత్రికులు వెళ్లేది మాత్రం యమునోత్రికే.

మే నెలలో మన గోదావరిలో ఇసుక మేటలు తేలే రోజుల్లో హిమాలయాల్లో మంచు కరుగుతుంటుంది. అలాగని గంగంతా మంచు నీరే అనుకోకూడదు. మైదానానికి దిగాక ఏడాది ప్రవాహంలో పెద్ద వాటా రుతుపవనాల వానదే. మంచు వాటా చిన్నదే కానీ, వానలకు ముందు నీటికి కటకటలాడే నెలల్లో ఆదుకునేది అదే.

ఉపనదుల్లో కోసిని ప్రత్యేకంగా చదవాలి. నేపాల్‌లో సున్‌కోసి, అరుణ్, తమోర్ కలిశాక అది పెద్ద నది అవుతుంది. కొండల మట్టినంతా బీహార్‌లోకి దించుతుంది. రెండు కరకట్టల మధ్య ఇరుక్కుని, ఒండ్రు వేసి వేసి తన అడుగును తానే పైకి లేపుకుంది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర గట్టు తెగింది. ఆ రోజు ప్రవాహం ఆ గట్టు తట్టుకోవలసినదాంట్లో చిన్న భాగమే! నది సుమారు 120 కి.మీ. తూర్పున ఉన్న పాత దారి పట్టింది. లక్షల మంది ఊళ్లు వదిలారు.

ఇక ధౌలీగంగలో కలిసే రిషిగంగ. 1974లో గౌరాదేవి, ఆమె వెంట నడిచిన మహిళలు చెట్లను కాపాడుకున్న రైణీ గ్రామం దీని ఒడ్డునే ఉంది. 2021 ఫిబ్రవరి 7న రొంటి శిఖరం నుంచి రాయి, మంచు ఒక్కసారిగా విరిగిపడి ఈ చిన్న ఏరును ముంచెత్తాయి. ఆ బురద వరద ధౌలీగంగలోకి దూకింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు 200 మందికి పైనే. చాలామంది జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న కూలీలు.

ఇలాంటి ఏరుల ఎగువ లోయల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు, ఏడాది పొడవునా మంచును గమనించే మనుషులు ఇంకా కావాలి. ఈ రోజు పట్టా అందుకున్నవారిలో కొందరైనా ఆ లోయలకు వెళ్లాలని ఈ వేదిక మనస్ఫూర్తిగా కోరుతోంది.